ఏరి కొట్టినా నేలలో కార్బన్ పోతుందా?

కడప కుర్రోడు:
మొన్న ఇక్కడ ఒకాయన "అడవంతా నరికితే తప్పు గానీ, ముదురు చెట్లు ఏరి కొడితే పిలకలొచ్చి ఇంకా ఎక్కువ కార్బన్ పీల్చుకుంటాయి" అని రాశారు. పైన లెక్క సరే, కింద నేల సంగతేంటి?

సిద్ధవటం రైతు:
ఆ ఒకాయన్ని నేనే. మా పట్టా పొలంలో ఎర్రచందనం ఉంది. మొదలు కొట్టినా పిలకేస్తుంది, అంటే వేరు బతికే ఉంది. ఇంక నేలకేం నష్టం? కలప వద్దని సిమెంటు, ఇనుము వాడితే వాటి పొగో?

నవ్వులరాజు:
మన శేషాచలంలో ఏరి కొట్టేది దొంగలే కదా సామీ. చేవ మోసుకుపోతారు, తెల్ల చెక్క అడవికి వదిలేస్తారు. ఎంత పద్ధతో!

నల్లమల బాటసారి:
రైతన్నా, పిలక వస్తుంది, కాదనను. కానీ నేల నుంచి కార్బన్ డయాక్సైడ్ రెండు దార్లలో వస్తుంది. బతికున్న వేర్లు వదిలేది ఒకటి. రాలిన ఆకునూ చచ్చిన వేర్లనూ బూజు, సూక్ష్మజీవులు తినేటప్పుడు వచ్చేది ఇంకొకటి. పెద్ద చెట్టు ఒక్కటే పడదు, పక్కవాటిని విరుచుకుని పడుతుంది. దుంగ లారీ ఎక్కుతుంది గానీ కొమ్మా రెమ్మా అక్కడే కుళ్లాలి. ఆ సూక్ష్మజీవులకు మేత దొరికినట్టే.

మే నెలలో ఒకసారి చూశా. నీడలో ఆకు అలం తోసి చెయ్యి పెడితే మట్టి చల్లగా ఉంది. పదడుగుల అవతల, మోడు పక్కన, పెనం మీద పెట్టినట్టుంది. ఎండలకు తడిలేక ఆ జీవులు పడుకునే ఉంటాయి. తొలకరి పడగానే ఒక్కసారిగా లేచి తినడం మొదలుపెడతాయి, నేల గుప్పుమని గాలి వదులుతుంది.

పిలకల వాదనకు జవాబు మలేసియాలో ఉంది. సబా రాష్ట్రంలో ఏరి కొట్టిన అడవుల్లో నేల మీద మూత బోర్లించినట్టు పరికరం పెట్టి గాలి కొలిచారు. 2023లో ఫలితాలొచ్చాయి. చెట్లు బాగానే పెరుగుతున్నాయి, అయినా నరికి పదేళ్లు దాటాక కూడా ఆ అడవి పీల్చేదానికన్నా వదిలేదే ఎక్కువ. ఎక్కువ భాగం నేల నుంచీ కుళ్లే కట్టె నుంచీ.

సిద్ధవటం రైతు:
అక్కడ ఏడాదంతా వాన. మా లంకమల కింద జానెడు మట్టి, ఆపైన రాయి. ఆ లెక్క ఇక్కడ ఎట్లా పనికొస్తుంది?

నల్లమల బాటసారి:
అంకెలు పనికిరావు, ఒప్పుకుంటా. ఇక్కడ ఏడాదిలో చాలా నెలలు నేల ఎండిపోయి ఉంటుంది కాబట్టి కుళ్లడమూ నిదానమే. మట్టి అడుగున కలిసిపోయిన కార్బన్ కూడా తేలిగ్గా కదలదు. ముందు పోయేది పైనున్న ఆకు అలం పొర. కానీ జానెడు మట్టి అన్నారే, మన నేలలో ఉన్న కార్బనంతా దాదాపు ఆ జానెడులోనే ఉంది. ట్రాక్టరు తొక్కిన బాటలో అదీ గట్టిపడి వానకు కొట్టుకుపోతుంది.

సిద్ధవటం రైతు:
సరే, పర్మిషన్ వచ్చాక నావి కొడతా. రెమ్మలు కాల్చేయమంటున్నాడు మా వాడు.

నల్లమల బాటసారి:
కాల్చొద్దన్నా. కాలిస్తే ఒక్క పూటలో గాల్లోకి పోతుంది. మోడు చుట్టూ పరిచేయండి, కుళ్లినా ఏళ్లు పడుతుంది, కొంతైనా మట్టిలో కలుస్తుంది. నీడా ఉంటుంది.

సిద్ధవటం రైతు:
చెదలు పడితే పిలకను తినవా?

నల్లమల బాటసారి:
మూరెడు దూరం వదిలి పరచండి.