ఎక్కడం, దిగడం: ఇంగ్లీషులో ఇన్ని రకాలేంటండీ?

ప్రశ్న: మనకి బస్సైనా, ఆటో అయినా, బళ్లనీ మనుషుల్నీ గోదావరి దాటించే పంటైనా ఎక్కడమే, దిగడమే. ఇంగ్లీషులో చూస్తే గెట్ ఆన్, గెట్ ఇన్, గెట్ ఆఫ్, గెట్ అవుట్, గెట్ డౌన్. పిల్లలకి ఏ గుర్తు చెప్పాలండీ?

జవాబు: లోపల నిలబడి నాలుగడుగులు వేయగలిగితే ఆన్: బస్సు, రైలు, విమానం, పంటు. వంగి దూరి కూర్చోవాలంటే ఇన్: కారు, ఆటో. కాళ్లు చెరోపక్క వేసి కూర్చునే సైకిలు, మోటారు సైకిలు, గుర్రం మళ్లీ ఆన్. ఆన్ అని ఎక్కినదాన్ని ఆఫ్ అని దిగాలి, ఇన్ అని ఎక్కినదాన్ని అవుట్ అని.

నరసాపురం రేవులో కారుతో సహా పంటెక్కారనుకోండి. మధ్యలో గాలికని కారు దిగితే గాట్ అవుట్ ఆఫ్ ద కార్. పంటు మాత్రం దిగలేదు, ఇంకా ఆన్ ద ఫెర్రీయే. సఖినేటిపల్లి గట్టు దగ్గరపడగానే మళ్లీ కారెక్కితే గాట్ బ్యాక్ ఇన్. కారు గట్టెక్కితే డ్రోవ్ ఆఫ్ ద ఫెర్రీ. అదే చిన్న నాటుపడవైతే గెట్ ఇన్. అంచు దాటించి కాలు లోపల పెట్టి కూర్చోవాలి కదా.

ఇంకొకరు: పైన రాసిన రెండు 'ఆఫ్'లూ ఒకటి కావండోయ్. తెలుగు లిపిలో ఒకేలా రాసేస్తాం, తప్పులు అక్కడే మొదలవుతాయి. రెండు ఎఫ్‌లు ఉన్నది ఆఫ్, దిగడం దానిదే. ఒక ఎఫ్ ఉన్నదాన్ని 'అవ్' అని పలకాలి. గెట్ అవుట్ తర్వాత వాహనం పేరు వస్తే ఈ 'అవ్' ఉండి తీరాలి. పేరు లేకపోతే గెట్ అవుట్ చాలు.

మరొకరు: గెట్ డౌన్ చెట్టుకీ నిచ్చెనకీ ఉంచండి. కొబ్బరిచెట్టు దిగడానికి బాగానే కుదురుతుంది. బస్సుకి వాడితే మన దేశంలో అందరికీ అర్థమవుతుంది గానీ, బయటివాళ్లు తల వంచి కిందికి నక్కమన్నారనుకోవచ్చు. ఇంకోటి, ద ట్రైన్ గాట్ ఇన్ అంటే రైలు స్టేషనుకి వచ్చిందని. ఎవరో ఎక్కారని కాదు.

ప్రశ్న: చొక్కాకి పుట్ ఇట్ ఆన్, బస్సుకి గెట్ ఆన్ ఇట్. ఇట్ ఒకచోట మధ్యలో, ఒకచోట చివర. ఎందుకు?

జవాబు: బస్సు దగ్గర ఆన్ మన 'మీద' లాంటిది. పేరుని పట్టుకునే ఉంటుంది, అందుకే ఇట్ దాని వెనకే రావాలి. చొక్కా దగ్గర ఆన్ క్రియకి అతుక్కున్న ముక్క, 'తొడుక్కో'లో 'కో' లాగ. ద షర్ట్ అయితే ముందైనా వెనకైనా పెట్టొచ్చు. ఇట్ అయితే మధ్యలోనే. పుట్ ఆన్ ఇట్ అంటే తప్పు.

ప్రశ్న: మరి లిఫ్టో? నిలబడే వెళ్తాం కదా!

జవాబు: బ్రిటిషువాళ్లు గెట్ ఇన్ అంటారు, అమెరికావాళ్లు గెట్ ఆన్ కూడా అంటారు. నిలబడగలం, నాలుగడుగులు వేయలేం. వాళ్లకీ తేలినట్టు లేదు.