పుట్టిన బాబుకు సున్తీ చేయించాలా వద్దా? రెండు రోజుల్లో చెప్పమన్నారు

కొత్త నాన్న:
అందరికీ నమస్కారం. మాకు మొన్న బాబు పుట్టాడు, తల్లీబిడ్డా క్షేమం. నిన్న సాయంత్రం రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్ "సున్తీ చేయించాలనుకుంటే చెప్పండి, డిశ్చార్జికి ముందే చేసేస్తాం" అన్నారు. మేము దాని గురించి అసలు అనుకోనే లేదు. మా మతంలో ఆ ఆచారం లేదు, కానీ మేము ఉంటున్న చోట చాలామంది మగపిల్లలకి పుట్టగానే చేయిస్తారు. మా ఆవిడేమో "శుభ్రంగా ఉంటుంది, ఇన్ఫెక్షన్లు రావంటున్నారు, ఇప్పుడైతే వాడికి గుర్తు కూడా ఉండదు" అంటోంది. నాకు మాత్రం రెండు రోజుల పసిగుడ్డు మీద కత్తి పెట్టించడానికి మనసొప్పట్లేదు. రాత్రంతా మాట్లాడుకున్నాం, ఎటూ తేల్చుకోలేకపోయాం. చేయించినవాళ్ళు, వద్దనుకున్నవాళ్ళు, ఎందుకలా అనుకున్నారో చెప్పండి. "మీ ఇష్టం" అని మాత్రం వదిలేయకండి, డాక్టర్ కూడా అదే అనడంతోనే మాకింత టెన్షన్.

ముగ్గురి తల్లి:
ముందుగా అభినందనలు అన్నా. మాది ముస్లిం కుటుంబం, నాకు ఇద్దరు మగపిల్లలు, ఒక పాప. మగపిల్లలిద్దరికీ చేయించాం. మాకిది లాభనష్టాలు బేరీజు వేసుకునే విషయం కాదు, ఇబ్రాహీం ప్రవక్త నుంచి వస్తున్న సున్నత్. యూదులు కూడా ఆయన పేరు మీదే ఎనిమిదో రోజున చేస్తారు. మాలో ఫలానా రోజే అని లేదు, ఏడో రోజున చేయించేవాళ్ళున్నారు, ఏడెనిమిదేళ్ళు వచ్చాక చేయించేవాళ్ళూ ఉన్నారు.

మా పెద్దవాడికి ఆరేళ్ళప్పుడు చేయించాం, చిన్నవాడికి ఇరవై రోజులప్పుడు. రెండూ చూశాను కాబట్టి చెప్తున్నా, చేయించేటట్టయితే పసితనంలోనే నయం. పెద్దవాడికి మత్తిచ్చే చేశారు, అయినా పది రోజులు పైజామా గుడ్డ తగలకుండా ముందుకి లాగి పట్టుకుని కాళ్ళు ఎడంగా పెట్టి నడిచేవాడు, ఉచ్చ పోయాలంటే నా చెయ్యి గట్టిగా పట్టుకునేవాడు. చిన్నవాడికి ప్లాస్టిక్ రింగు పెట్టి దారంతో బిగించి కట్టారు. ఏడో రోజు పొద్దున డైపర్ విప్పితే ఆ రింగు ఊడిపోయి అందులో పడి ఉంది. మధ్యలో మూడో రోజు మాత్రం ముందు భాగం మీద పసుపుపచ్చ పొర కట్టింది, చీము పట్టిందనుకుని ఏడుస్తూ ఆసుపత్రికి పరుగెత్తాను. పుండు మానేటప్పుడు అలా రావడం మామూలేనని చెప్పి పంపించారు.

మీకు ఆచారం లేదంటున్నారు కాబట్టి చేయించి తీరాలని నేను అనను. చేయించిన తల్లిదండ్రుల్ని బిడ్డల్ని హింసించినవాళ్ళలా మాట్లాడేవాళ్ళు ఉంటారు, వాళ్ళ మాటకి భయపడి మాత్రం మానుకోకండి.

నన్నడగలేదు:
అక్కా, మీ నమ్మకం మీద నాకు గౌరవం ఉంది, నేను చెప్పేది అన్న గారి గురించే. నాకు పుట్టగానే చేయించారు. మతం కారణం కాదు, డాక్టర్ మంచిదన్నారు కాబట్టి చేయించామంటారు మా నాన్న. ఒక పక్క చర్మం ఎక్కువ తీసేశారు, పెద్దయ్యాక అటువైపు లాగినట్టుగా నొప్పి వచ్చేది. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఈ నొప్పి ఎవరికి చెప్పుకుంటాడు? ఎన్నో ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

"గుర్తుండదు" అనే మాట వింటే నాకు కడుపు మండుతుంది. గుర్తు లేకపోతే నొప్పి లేనట్టా? పసిపిల్లలకి నొప్పి అంతగా తెలియదనుకుని ఏళ్ళ తరబడి మత్తు లేకుండానే కోసేవాళ్ళు. 1997లో కెనడాలో చేసిన ఒక అధ్యయనంలో, మత్తు క్రీము రాయకుండా సున్తీ చేసిన పిల్లలు నాలుగు లేదా ఆరు నెలల వయసులో టీకా వేయించుకున్నప్పుడు, సున్తీ చేయని పిల్లలకన్నా ఎక్కువగా ఏడ్చారని తేలింది. వాడికి గుర్తుందో లేదో గానీ వాడి ఒంటికి గుర్తుంది. నెదర్లాండ్స్ వైద్యుల సంఘం 2010లోనే, వైద్య కారణం లేకుండా మైనర్ పిల్లలకి చేయించవద్దని తల్లిదండ్రులకి నచ్చజెప్పాలంది. 2012లో జర్మనీలోని కొలోన్ కోర్టు, మత కారణంతో చేసినా సరే అది పిల్లవాడి శరీరానికి చేసిన హాని కిందకే వస్తుందని తీర్పిచ్చింది. మీ అబ్బాయికి పద్దెనిమిదేళ్ళు వచ్చాక కావాలనిపిస్తే చేయించుకుంటాడు. తీసేసింది మళ్ళీ తెచ్చుకోలేడు కదా అన్నా.

ముగ్గురి తల్లి:
తమ్ముడూ, నీకు జరిగింది చదివి బాధేసింది. కానీ కొలోన్ తీర్పు చెప్పి, ఆ తర్వాత జరిగింది వదిలేశావు. ఆ ఏడాది డిసెంబరులోనే జర్మనీ పార్లమెంటు చట్టం తెచ్చింది, వైద్య ప్రమాణాల ప్రకారం చేస్తే తల్లిదండ్రులు చేయించుకోవచ్చని. బిడ్డ పెద్దయ్యేదాకా ఆగమనడం తేలికే, మాకు పిల్లవాడు మావాళ్ళలో ఒకడిగా పెరగడం అనేది కూడా వాడి మేలులో భాగమే. పేరు పెట్టేటప్పుడు అడిగామా, ఏ భాష నేర్పాలో అడిగామా?

నన్నడగలేదు:
పేరు మార్చుకోవచ్చు అక్కా.

లేటుగా చేయించుకున్నవాడు:
రెండో వైపు నుంచి నేనూ ఒక మాట చెప్తాను బ్రదర్. నాకు పసితనంలో చేయించలేదు, 31 ఏళ్ళకి చేయించుకోవాల్సి వచ్చింది. షుగర్ బయటపడక ముందు ఏడాది పాటు ఫంగల్ ఇన్ఫెక్షన్ తగ్గడం, మళ్ళీ రావడం, ముందు చర్మం చీలికలు పడి తెల్లగా గట్టిపడిపోయింది, వెనక్కి పోయేది కాదు. క్రీములు వాడాను, చివరికి ఆపరేషనే అన్నారు. తర్వాత పదిహేను రోజులు బట్ట తగిలితే ప్రాణం పోయినట్టుండేది, ఆరు వారాలు భార్యకి దూరంగా ఉండమన్నారు. పసివాడికి వారంలో మానిపోయే పుండు నాకు నెలన్నర పట్టింది. "పెద్దయ్యాక చేయించుకుంటాడులే" అని రాసేవాళ్ళు ఆ నెలన్నర ఎలా ఉంటుందో కూడా రాయాలి. నాకు బాబు పుట్టినప్పుడు చేయించేశాను, ఇప్పుడు నాలుగేళ్ళు, ఏ ఇబ్బందీ లేదు. పైగా హెచ్ఐవీ రిస్క్ కూడా తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది కదా.

వార్డు నర్సు:
నేను పిల్లల వార్డులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను, చేయించినవాళ్ళనీ చూశాను, వద్దనుకున్నవాళ్ళనీ చూశాను. "మీ ఇష్టం" అనొద్దన్నారు కాబట్టి నా మాట సూటిగా చెప్తాను. మతం కారణం గానీ, జబ్బు గానీ లేనప్పుడు రెండు రోజుల్లో తేల్చేయాల్సిన పని కాదిది. డాక్టర్ చెప్పిన గడువు డిశ్చార్జికి సంబంధించినది, మీ బాబు ఒంటికి సంబంధించినది కాదు.

హెచ్ఐవీ మాట ముందు తీసుకుందాం. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాల్లో మూడు పెద్ద పరీక్షలు జరిగాయి, ఆడవాళ్ళ నుంచి మగవాళ్ళకి సోకడం 60 శాతం దాకా తగ్గింది, దాన్ని చూసే 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. కానీ ఆ పరీక్షల్లో పాల్గొన్నది పెద్దవాళ్ళు, తమంతట తాము ఒప్పుకుని చేయించుకున్నవాళ్ళు. సిఫారసు కూడా జబ్బు బాగా ప్రబలి ఉన్న ప్రాంతాల కోసం. డైపర్ వేసుకున్న బిడ్డకి ఆ రిస్క్ వచ్చేసరికి కనీసం పదిహేనేళ్ళు పడుతుంది, అప్పటికి వాడే ఆలోచించుకోగలడు.

మూత్రంలో ఇన్ఫెక్షన్ సంగతి మాత్రం నిజంగా పసిపిల్లలదే, మీ ఆవిడ చెప్పింది తప్పు కాదు. సున్తీ అయినవాళ్ళకి బాగా తక్కువ వస్తుంది. అయితే అసలు ఆరోగ్యంగా ఉన్న మగపిల్లల్లో అది వచ్చేది నూటికి ఒకరికి అటూఇటూ. అంటే ఒక్క బిడ్డకి ఇన్ఫెక్షన్ రాకుండా ఆపాలంటే వందమందికి పైగా కోయాలి, వచ్చినా చాలావరకు యాంటీబయాటిక్‌తో తగ్గే జబ్బది. పుట్టుకతోనే కిడ్నీలో, మూత్రనాళంలో లోపం ఉన్న బిడ్డకి ఈ లెక్క తిరగబడుతుంది, అలాంటివాళ్ళకి మేమే చేయించమని చెప్తాం. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో లాభాలు నష్టాలకన్నా ఎక్కువేనంది. అలాగని అందరికీ చేయమని సిఫారసు చేసేంత లాభం లేదని కూడా ఆ కాగితంలోనే రాసింది. చాలామంది మొదటి సగమే చెప్తారు.

31 ఏళ్ళకి చేయించుకున్న బ్రదర్, మీకు అవసరం పడింది, చేయించుకున్నారు, అది వైద్యం. షుగర్ వల్ల వచ్చిన ఇబ్బంది అందరు మగపిల్లలకీ వస్తుందని ఇప్పుడే కోసేయలేం కదా.

ఇంకొక విషయం, దీనివల్లే ఎంతోమంది పిల్లలకి అనవసరంగా చేసేస్తున్నారు. పుట్టిన మగబిడ్డకి ముందు చర్మం లోపలి భాగానికి అతుక్కునే ఉంటుంది. అది జబ్బు కాదు, అలాగే పుడతారు. 1949లో గైర్డ్‌నర్ అనే బ్రిటిష్ డాక్టర్ పరీక్షించి చూస్తే, చర్మం పూర్తిగా వెనక్కి వచ్చింది నూటికి నలుగురు పసిపిల్లలకే. తర్వాత అది దానంతటదే విడుతుంది, కొందరికి మూడేళ్ళకి, కొందరికి పదేళ్ళు దాటాక. నా డ్యూటీలో ఒకసారి పది నెలల బాబుని తెచ్చారు. స్నానం చేయించేటప్పుడు రోజూ కొంచెం కొంచెం వెనక్కి లాగమని ఎవరో చెప్పారట, ఆ రోజు గట్టిగా లాగేసరికి చర్మం వెనకే ఇరుక్కుపోయి ముందు భాగం ఉబ్బి నేరేడు పండులా అయింది. ఆ తల్లి ఏడుపు నేను మర్చిపోలేను. లాగకుండా ఉంటే ఆ బిడ్డకి ఏమీ అయ్యేది కాదు.

ఇంత చెప్పాక కూడా మీ ఇద్దరూ చేయిద్దామనే అనుకుంటే, నేను తప్పు పట్టను. శుభ్రమైన చోట, చేయి తిరిగినవాళ్ళు చేస్తే పెద్ద ప్రమాదాలు అరుదు. కాకపోతే కొన్ని ముందే అడగండి. రక్తం గడ్డకట్టడానికి ఇచ్చే విటమిన్ కె ఇంజెక్షన్ బాబుకి వేశారా? మీ వైపు గానీ మీ ఆవిడ వైపు గానీ చిన్న దెబ్బకే రక్తం ఆగకపోవడం ఎవరికైనా ఉందా? యూదుల పాత ధర్మశాస్త్రంలోనే, ఇద్దరు అన్నలు సున్తీ వల్ల చనిపోతే మూడోవాడికి చేయొద్దని ఉంది, రక్తం సరిగా గడ్డకట్టని జబ్బుకి హిమోఫిలియా అనే పేరు లేని రోజుల్లోనే వాళ్ళు అది గమనించారు. మూత్రం వచ్చే రంధ్రం చివర కాకుండా కింది వైపు ఉంటే అస్సలు చేయించకూడదు, ఆ లోపాన్ని సరిచేసే ఆపరేషన్‌కి ఆ చర్మమే కావాలి. కామెర్లు ఎక్కువగా ఉన్నా, నెలలు నిండకుండా పుట్టినా ఆగాలి. నొప్పి తెలియకుండా ఏమిస్తారో నోటితో చెప్పించుకోండి. చక్కెర నీళ్ళు నాకించడం ఒక్కటే సరిపోదు, అంగం మొదలు దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇవ్వాలి. అది ఇవ్వము అని వాళ్ళంటే అక్కడ చేయించకండి.

నన్నడగలేదు:
నర్సు గారూ, చేయించినా తప్పు పట్టను అన్న మాట ఒక్కటి తప్ప మిగతా అంతా ఒప్పుకుంటున్నాను. అవసరం లేదని మీరే లెక్కగట్టి చెప్పి, మళ్ళీ ఎలా చేయించాలో కూడా చెప్తే, జనం చివరిదే పట్టుకుంటారు.

వార్డు నర్సు:
మీ బాధ అర్థమవుతోంది తమ్ముడూ. కానీ నేను చెప్పకపోతే చేయించేవాళ్ళు మానేయరు, మత్తు లేకుండా చేయిస్తారు. ఏడుపు వినేది మేము.

కొత్త నాన్న:
అందరికీ ధన్యవాదాలు. ఇది మొత్తం మా ఆవిడకి చదివి వినిపించాను. విటమిన్ కె గురించి అడిగితే వేశామన్నారు. ఇంకోటి బయటపడింది, ఇన్నాళ్ళూ నాకూ తెలియదు. మా ఆవిడ మేనమామకి పన్ను పీకించుకుంటే రెండు రోజులు రక్తం ఆగలేదట. ఆ మాట వినగానే తనే "ఇప్పుడొద్దు, ముందు బాబుకి రక్తపరీక్ష చేయిద్దాం" అంది. పరీక్షలో ఏమీ లేదని వచ్చినా ఇక వాడు పెద్దయ్యేదాకా ఆగుదామనే అనుకున్నాం. మూడో బిడ్డ ధర్మం గురించి చెప్పినందుకు నర్సు గారికి మా ఇద్దరి తరఫునా దండం. ఒక్క సందేహం, చేయించకపోతే అక్కడ ఎలా కడగాలి? తెల్లగా చిన్న ముత్యాల్లాంటివి చర్మం కింద కనిపిస్తే చీమేనా?

వార్డు నర్సు:
మేనమామ విషయం పిల్లల డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, టీకాలు వేసేవాళ్ళకి కూడా. కడగడానికి ఏమీ లేదు, స్నానంలో పైన గోరువెచ్చని నీళ్ళు పోస్తే చాలు, వెనక్కి లాగొద్దు, లోపల సబ్బు పెట్టొద్దు. ఆ తెల్లటి ముత్యాలు చీము కాదు, చర్మం విడివడుతూ రాల్చిన మృతకణాలు, వాటంతటవే బయటికొస్తాయి. ఉచ్చ పోసేటప్పుడు కాసేపు బుడగలా ఉబ్బి ధారగా వస్తే ఫర్వాలేదు. చుక్కలు చుక్కలుగా పడుతూ ఏడుస్తున్నా, ఎర్రబడి వాచినా, జ్వరం వచ్చినా మాత్రం వెంటనే తీసుకెళ్ళండి. ఇంటికొచ్చిన పెద్దవాళ్ళు ఎవరైనా "నేను లాగి శుభ్రం చేస్తా" అంటే చెయ్యి పట్టుకుని ఆపండి.