తేదీని ప్రోగ్రాం ఊహించుకోవచ్చా?

కావలి కోడర్: రొయ్యల గుంటల లెక్కలకు పైథాన్‌లో ప్రోగ్రాం రాశాను. రైతులు పిల్ల వదిలిన తేదీలను, ఏ రూపంలో రాసినా తేదీని పోల్చుకునే డేట్‌యుటిల్ పార్సర్‌కు ఇస్తే, 13/04/2023ను ఏప్రిల్ 13గానే చదివి, 03/04/2023ను మాత్రం మార్చి 4గా తీసుకుంది. ఆ గుంట వయసు 30 రోజులు ఎక్కువ పడింది, మేత లెక్క ఆ వయసు మీదే నడుస్తుంది. ఇకనైనా అందరూ తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 ప్రకారం, ఏడు, నెల, రోజు వరుసలో 2023-04-03 అనే రాయాలి.

పొదిలి పద్దులు: ముప్ఫై ఏళ్లుగా పద్దులు రాస్తున్నాను. మన బడిలోనూ బ్యాంకులోనూ రోజు ముందు, ఏడు చివర. యంత్రానికి నెల ముందు రాసే అమెరికా అలవాటు ఉంటే రైతు ఎందుకు మారాలి?

ఉలవపాడు: పైథాన్‌లో చెప్పిన వరుసలోనే తేదీని చదివే స్ట్రప్‌టైమ్ ఉంది, దానికి రోజు, నెల, నాలుగంకెల ఏడు అని వరుస చెప్పేయండి. సరిపోలకపోతే ఆగిపోతుంది గాని ఊహించదు.

కావలి కోడర్: ఏడు ముందుంటే మామూలు అక్షర క్రమంలో పేర్చినా తేదీల వరుసే వస్తుంది. ఆ సంగతికి ఎవరూ జవాబు చెప్పడం లేదు.

పొదిలి పద్దులు: మా అమ్మ పుట్టిన ఏడు కాగితంలో 58 అని ఉంటే, కంప్యూటర్లో 2058 అయింది. పింఛను కోసం ఆమె ఒక కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగింది. ముందు ఎక్కించింది చూపమంటే, తీసేశామన్నారు.

కావలి కోడర్: రెండంకెల ఏడు రాసింది ఎవరండీ? 69 నుంచి 99 వరకు 1900లు, 00 నుంచి 68 వరకు 2000లు అన్నది పైథాన్‌లో ఉన్న నియమమే. దానికి నన్ను అంటారేమిటి?

పొదిలి పద్దులు: రాసినవాళ్లనే తప్పు పట్టకండి. మీ పట్టికలో రైతులు ఇచ్చిన తేదీలు ఉన్నాయా, లేవా? అది చెప్పండి.

కావలి కోడర్: లేవు. మార్చిన తేదీని అదే గడిలో రాసేశాను.

ఉలవపాడు: రోజు 12 లోపు ఉన్నవాటిని తిరగేస్తే చాలదా?

కావలి కోడర్: చాలదు. కొందరు 3 ఏప్రిల్ 2023 అని నెల పేరుతో ఇచ్చారు, వాటిని సరిగ్గానే చదివింది. ఇప్పుడు ఏది తిరగబడిందో, ఏది సరైనదో గడిని చూసి చెప్పలేను.

పొదిలి పద్దులు: మొదటి నుంచీ నా బాధ ఇదే, చెప్పడం చేతకాక రోజు ముందా వెనకా అని వాదించాను. మీ పద్ధతి మీరు పెట్టుకోండి, రాసింది రాసినట్టు పక్క గడిలో ఉంచండి. మా అమ్మ కాగితానికి ఆ గడి లేకపోయింది.

కావలి కోడర్: రైతులు తేదీలు రాసిన చీటీలు మళ్లీ అడిగి తెప్పిస్తున్నాను. రైతు రాసింది ఒక గడిలో చెక్కుచెదరకుండా ఉంటుంది. పక్క గడిలో మాత్రం ఏడు ముందే ఉంటుంది, అందులో నేను తగ్గను.