షూటింగ్ పార్టీ (1985): దొరల్ని ఏకిన సినిమానా, దొరల మీద జాలిపడ్డ సినిమానా?

పాతరీలు:
నిన్న రాత్రి రెండోసారి చూశా. 1913 అక్టోబర్, ఇంగ్లండ్‌లో ఓ పల్లెటూరి ఎస్టేట్, సర్ రాండాల్ఫ్ (జేమ్స్ మేసన్) ఇంటికి దొరలంతా వేటకొస్తారు, ఎవడు ఎక్కువ పిట్టల్ని కొట్టాడనే పంతం ముదిరి ముదిరి ఆఖరికి పిట్టల్ని తోలే కూలీ టామ్ హార్కర్ ప్రాణం మీదకొస్తుంది. అందరూ దీన్ని దొరతనానికి చెంపపెట్టు అంటారు, నాకైతే అలా అనిపించట్లా. పోయేది హార్కర్ ప్రాణం, మనకి కన్నీళ్లొచ్చేది మేసన్ మొహం చూసి. ఇదేం విమర్శండీ?

గోదారిగట్టు:
మేసన్ బాగా చేస్తే అది కూడా తప్పేనా గురూ 😀 అసలు ఆ వేషం పాల్ స్కోఫీల్డ్‌ది, షూటింగ్ మొదటిరోజే గుర్రబ్బండి ప్రమాదంలో కాలు విరిగితే మేసన్‌కి వచ్చింది, సినిమా రిలీజయ్యే టైముకి మేసన్ చనిపోయాడు. సరే పాయింటుకొస్తా. ఇందులో అతి ఏం లేదు. కథ జరిగే ఆ 1913లోనే డిసెంబర్ 18న హాల్ బార్న్ అనే ఎస్టేట్‌లో ఐదో జార్జి రాజు, ఆయన బ్యాచ్ కలిసి ఒక్కరోజులో 3,900 పైగా ఫెజెంట్లని (కోడిలాంటి వేటపక్షులు) కొట్టారు. అవేమన్నా అడవి పక్షులా? కోళ్లలా పెంచి, వేటరోజు పొదల్లోంచి తోలి, తుపాకీల మీదుగా ఎగిరేలా చేసేవి. సాండ్రింగ్‌హామ్ అనే రాజుగారి ఎస్టేట్‌లో అయితే వేటకి వెలుతురు సరిపోవట్లేదని గడియారాలే అరగంట ముందుకి తిప్పుకున్నారు, 1936 దాకా అదే టైము. ఇలాంటోళ్లని ఉన్నదున్నట్టు చూపిస్తే చాలు, వేరే తిట్టక్కర్లా.

నెక్కొండపిల్ల:
మాది నెక్కొండ, వరంగల్ దగ్గర. 1902ల వైస్రాయ్ కర్జన్ మా దిక్కు పులివేటకొచ్చిండు, లాలా దీన్ దయాళ్ తీసిన ఫొటో నెట్‌ల దొరుకుతది, చచ్చిన పులి, కర్జన్, ఆయన భార్య. ఆ పులిని తోలుకొచ్చినోళ్ల పేర్లు ఎవలికన్న ఎరుకనా? గందుకే నాకు హార్కర్ ముఖ్యం. మామూలప్పుడు ఆయన దొంగతనంగ పిట్టల్ని పట్టేటోడు. ఆయన ఒక్కటి పడితే నేరం, దొర వంద కొడితే ఆట. సినిమా గా ముక్క పెట్టింది గనీ దాని మీద ఎక్కువసేపు నిలవడలే, అదే నా బాధ.

లెక్కలమాస్టారు:
అప్పట్లో ఆ ఇంగ్లండ్ దొరల్లో ఓ సామెత ఉండేది: పిట్ట లేస్తే గినీ, తుపాకీ పేలితే పెన్నీన్నర, పిట్ట పడితే అర క్రౌన్. అంటే పెంచడానికి 21 షిల్లింగులు, తూటాకి పెన్నీన్నర, అమ్మితే వచ్చేది రెండున్నర షిల్లింగులు. ఇంత నష్టానికి చేసే పనిని వినోదం అనరు, దర్పం అంటారు. సినిమాలో ఈ డబ్బు గొడవ ఇంకాస్త ఉండాల్సింది, పైపైన పోనిచ్చారు.

పాతరీలు:
మాస్టారూ కరెక్ట్. ఇంకోటి, నటుడు గిల్‌గుడ్ ప్లకార్డు పట్టుకుని వేట మధ్యలోకి వచ్చే సీన్ ఉంది కదా, జీవహింస వద్దని. రాండాల్ఫ్ ఆయన్ని తరిమెయ్యకుండా కరపత్రాల అచ్చు ఖర్చు గురించి కబుర్లేసుకుంటాడు. ముచ్చటైన సీనే, కాదన్ను. కానీ చూసేవాడు "అబ్బ ఎంత మంచి దొర" అనుకుని బయటికొస్తాడు. నా గొడవంతా అదే, చెడ్డ దొరని చూపిస్తే వ్యవస్థ మీద కోపమొస్తుంది, మంచి దొరని చూపిస్తే దొర మీద ప్రేమొస్తుంది.

గోదారిగట్టు:
ఒక్కటడుగుతా, నిజం చెప్పు. రాండాల్ఫ్ మనవడు పెంచుకునే బాతు వేటలో పోతుందేమో అని భయపడ్డావా లేదా?

పాతరీలు:
పడ్డా.

గోదారిగట్టు:
హార్కర్ గురించి?

పాతరీలు:
...గుండు తగిలేదాకా లేదు. సరే, ఆ ఒక్కటి ఒప్పుకుంటా. మేసన్ మొహం విషయంలో మాత్రం తగ్గను.

నెక్కొండపిల్ల:
నేను గూడ బాతు గురించే చూసిన అన్నా 🙈