చలికాలంలో విమానం ఇంజిన్ ఆయిల్ తగినంత వేడెక్కడం లేదు: కూలర్‌ను కప్పవచ్చా?

ప్రశ్న

లైకమింగ్ సంస్థ తయారుచేసిన ఓ-320 ఇంజిన్ ఉన్న నాలుగు సీట్ల విమానాన్ని శీతాకాలంలో కూడా నడుపుతుంటాను. బయట మైనస్ 12 డిగ్రీల సెల్సియస్ ఉన్న రోజుల్లో గంటసేపు ఎగిరినా ఆయిల్ ఉష్ణోగ్రత 62 డిగ్రీలు దాటడం లేదు. గేజ్ ముల్లు సురక్షిత పరిధిని చూపే ఆకుపచ్చ పట్టీలోనే ఉంది కాబట్టి దిగులు అక్కర్లేదని మెకానిక్ అంటున్నారు. అయితే ఆయిల్ పోసే మూత విప్పి చూస్తే లోపలివైపు మీగడలాంటి లేత పసుపు మడ్డి పేరుకుని ఉంటోంది. ఆయిల్‌ను గాలితో చల్లబరిచే ఆయిల్ కూలర్ ముందు భాగానికి అల్యూమినియం టేపు అంటించి గాలిని కొంత ఆపవచ్చా? స్టార్ట్ చేయడానికి ముందు ఆయిల్ పాన్‌కు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టికి) అతికించే హీటర్ ఒక్కటి సరిపోతుందా? దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం

ఆకుపచ్చ పట్టీ కింది అంచు చెప్పేది ఇంజిన్‌కు వెంటనే ప్రమాదం లేదని మాత్రమే. ఆయిల్ ఆరోగ్యం వేరే సంగతి. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. అందులో కొంత పిస్టన్ రింగులను దాటి ఇంజిన్ ప్రధాన పెట్టె అయిన క్రాంక్‌కేస్‌లోకి చేరి, ఆయిల్ చల్లగా ఉంటే అక్కడే నీరై నిలిచిపోతుంది, దహనం వల్ల వచ్చిన ఇతర పదార్థాలతో కలిసి ఆమ్లంగా కూడా మారుతుంది. మీరు మూతలో చూసిన మడ్డి ఆ నీరు ఆయిల్‌తో కలియగా ఏర్పడినదే. ఓ-320లో క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ) క్రాంక్‌షాఫ్ట్‌కు (పిస్టన్లు తిప్పే ప్రధాన కడ్డీకి) పైన ఉంటుంది కాబట్టి, విమానం నిలిచి ఉన్నప్పుడు దాని మీది ఆయిల్ పొర జారిపోతుంది, తుప్పు మొదట పట్టేది అక్కడే. తేమ ఆవిరైపోవడానికి 74 నుంచి 104 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రత మంచిదని లైకమింగ్ సలహా. నా వరకు 82 డిగ్రీల దగ్గర ఉంచడానికే చూస్తాను.

నీరు మరిగేది 100 డిగ్రీల దగ్గర కదా అని సందేహం రావచ్చు. మరగకముందే నీరు ఆవిరవుతూనే ఉంటుంది. పైగా గేజ్ చూపేది ఇంజిన్‌లోకి తిరిగి వచ్చే ఆయిల్ ఉష్ణోగ్రతనే. బేరింగుల దగ్గర, పిస్టన్ల అడుగున అది ఇంకా చాలా వేడెక్కుతుంది.

టేపు జోలికి వెళ్లే ముందు గేజ్ నిజం చెబుతోందో లేదో తేల్చుకోండి. గేజ్‌కు ఉష్ణోగ్రతను అందించే ప్రోబ్‌ను బయటికి తీసి మరుగుతున్న నీటిలో ముంచితే, సముద్రమట్టానికి దగ్గరి ప్రదేశమైతే గేజ్ 100 డిగ్రీలు చూపాలి. ఎత్తైన చోట సుమారు ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుందని గుర్తుంచుకోండి. పాత విమానాల్లో గేజ్ పది డిగ్రీల తేడా చూపడం అరుదేమీ కాదు. ఆ తరువాత కూలర్‌కు దారి మళ్లించే థర్మోస్టాటిక్ వాల్వును విప్పించండి. ఆయిల్ చల్లగా ఉన్నంతసేపు అది కూలర్‌ను తప్పించే దారిని తెరిచి ఉంచి, 85 డిగ్రీల దగ్గర సాగి ఆ దారిని మూసివేయాలి. అది సాగిన స్థితిలోనే బిగుసుకుపోతే, ఎంత చలిలోనైనా ఆయిల్ అంతా కూలర్ గుండానే తిరుగుతుంది. గిన్నెలో నీళ్లు, థర్మామీటరు పెట్టి వాల్వును మెల్లగా వేడి చేస్తే అది సాగడం కంటికే కనబడుతుంది.

రెండో సమాధానం

పై పరీక్షల్లో లోపమేదీ బయటపడకపోతే కూలర్‌ను పాక్షికంగా కప్పడమే సరైన మార్గం. వాల్వు దారి మళ్లించినప్పటికీ కొంత ఆయిల్ కూలర్ గుండా వెళ్తూనే ఉంటుంది కాబట్టి, కప్పితే తేడా తప్పకుండా తెలుస్తుంది. అయితే మీ విమానం టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ డిజైన్‌కు విమానయాన అధికారులు ఇచ్చే ఆమోదం) ఉన్నదైతే తోచినట్టు టేపు అంటించకూడదు. తయారీదారు ఆమోదించిన శీతాకాలపు పలకలనే బిగించి, లాగ్‌బుక్‌లో రాయించాలి. బయటి ఉష్ణోగ్రత మైనస్ 7 డిగ్రీల కంటే పైకి పెరిగితే వాటిని తీసివేయాలని సెస్నా 172 మోడళ్లలో చాలావాటికి నిబంధన ఉంది. స్వయంగా కట్టుకున్న విమానమైతే కూలర్‌లో మూడో వంతును కప్పడంతో మొదలుపెట్టి, సిలిండర్ హెడ్ ఉష్ణోగ్రతలను కూడా గమనిస్తూ కొద్దికొద్దిగా పెంచండి. పొద్దున మైనస్ 12 ఉన్న రోజే మధ్యాహ్నానికి సున్నా దాటవచ్చు. తిరుగు ప్రయాణంలో పూర్తి పవర్‌తో పైకి ఎక్కుతున్నప్పుడు ముల్లు ఎర్ర గీత వైపు పోకుండా చూసుకోవాలి.

రోటాక్స్ 912 అనే మరో రకం ఇంజిన్ వాడేవారికి ఈ లెక్క వేరు. అందులో ఆయిల్ 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉండాలి, నడిపిన ప్రతిరోజూ ఒక్కసారైనా 100 డిగ్రీలను తాకాలి.

ఇంకొక సంగతిని చాలామంది మరిచిపోతారు. ఆవిరైన తేమ బయటికి పోయేది బ్రీదర్ గొట్టం ద్వారానే. దాని చివర మంచు గడ్డకట్టి మూసుకుపోతే క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగి, ముందువైపు క్రాంక్‌షాఫ్ట్ సీల్ బయటికి తోసుకువచ్చి, గాలిలో ఉండగానే ఆయిల్ అంతా పోవచ్చు. ఆయిల్‌ను వేడిగా ఉంచడం కన్నా ఇది అత్యవసరమైన విషయమని నా అభిప్రాయం. గొట్టానికి కౌలింగ్ (ఇంజిన్ మీది కప్పు) లోపల, వెచ్చగా ఉండే చోట ఒక చిన్న చీలికో రంధ్రమో ఉండాలి. చివర మూసుకుపోయినా గాలి అక్కడినుంచి పోతుంది. మీ గొట్టాన్ని వేలితో తడిమి చూడండి. గొట్టం మార్చినప్పుడు ఆ రంధ్రం లేనిది బిగించి ఉండవచ్చు.

మూడో సమాధానం

స్టార్ట్‌కు ముందు వేడి చేయడం గురించి చెబుతాను. ఆయిల్ పాన్ ఒక్కటే వేడెక్కితే చాలదు. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు కుంచించుకుపోతుంది. గట్టి చలిలో అల్యూమినియం క్రాంక్‌కేస్ బిగుసుకుని, ఉక్కు క్రాంక్‌షాఫ్ట్ చుట్టూ బేరింగుల్లో ఉండవలసిన సందు తగ్గిపోతుంది. ఆయిల్ వెచ్చగా ఉన్నా ఆ సందులోకి చేరే చోటు ఉండాలి కదా. అందుకే సిలిండర్లకు, క్రాంక్‌కేస్‌కు కూడా వేడి అందాలి. హీటర్ పెట్టి, కౌలింగ్ మీద మందపాటి దుప్పటి కప్పి, గాలి వచ్చే రంధ్రాలను మూసి కొన్ని గంటలు ఉంచితే వేడి ఇంజిన్ అంతటికీ పాకుతుంది. దుప్పటి లేకుండా పాన్‌ను మాత్రమే రోజుల తరబడి వేడిగా ఉంచితే, ఆయిల్‌లోని తేమ పైకి లేచి చల్లని క్యామ్‌షాఫ్ట్ మీద నీటి బొట్లుగా చేరుతుంది. ఈ ఇంజిన్లలో చాలావాటికి మైనస్ 12 డిగ్రీలకు దిగువన ముందుగా వేడి చేయవలసిందేనని లైకమింగ్ సూచిస్తోంది. మైనస్ 5 దగ్గర కూడా నేను వేడి చేస్తాను.

ఎగరలేని వారాల్లో నేల మీద కాసేపు ఇంజిన్ నడిపి ఆపేయకండి. తేమను తరిమేంత వేడి రాకుండానే కొత్త తేమ లోపలికి చేరుతుంది.