స్కాలర్‌షిప్పా, పేరున్న లా స్కూలా? అమెరికా ఎల్‌ఎల్‌ఎంకి సలహా కావాలి

బీటీఎం కొత్తమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది నంద్యాల. ఐదేళ్ళ లా అయ్యాక బెంగళూరు వచ్చి ఏడు నెలలైంది, ఇక్కడ తెలిసినవాళ్ళు తక్కువ, అందుకే ఈ గ్రూపులో అడుగుతున్నాను. అమెరికాలో ఎల్‌ఎల్‌ఎంకి (లాలో ఏడాది మాస్టర్స్) రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి న్యూయార్క్‌లో, పేరు చెబితే ఎవరికైనా తెలిసే స్కూలు. ట్యూషన్ 78 వేల డాలర్లు, స్కాలర్‌షిప్ సున్నా. రెండోది మిడ్‌వెస్ట్‌లో, ర్యాంకు నలభైల్లో ఉంది. ట్యూషన్ 60 వేలు, అందులో 30 వేలు మాఫీ చేస్తామని లెటరిచ్చారు. డిపాజిట్ కట్టడానికి మూడు వారాలే ఉంది. నాన్న పొలం తాకట్టు పెడతానంటున్నారు. ఏది తీసుకోమంటారు?

మారతహళ్ళి మామ:
అమ్మా, ఇందులో ఆలోచించేదేముంది? పేరున్నది తీసుకో. పెళ్ళిచూపుల నుంచి ఇంటర్వ్యూ దాకా అందరూ అడిగేది స్కూలు పేరే. ఎల్‌ఎల్‌ఎం లేకపోతే న్యూయార్క్ బార్ పరీక్ష (లాయరు లైసెన్సు కోసం రాసేది) రాయనివ్వరు కాబట్టి ఎలాగూ వెళ్ళక తప్పదు. వెళ్ళాక మూడేళ్ళు ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసుకునే అనుమతి. మొదటేడాది జీతం 2 లక్షల 25 వేల డాలర్లు. అప్పు రెండేళ్ళలో తీరుతుంది. పొలం ఉందన్నావు కదా, బ్యాంకువాళ్ళే ఇంటికొస్తారు.

కోరమంగళ వకీలు:
మామా, మీరంటే గౌరవమే గానీ ఆ పిల్ల మూడు వారాల్లో కోటి రూపాయల నిర్ణయం తీసుకోవాలి. ఒక్కోటీ సరిచేస్తా.

మూడేళ్ళ ఓపీటీ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, లెక్కలు) కోర్సులకి. లా స్టెమ్ కాదు. 12 నెలలు, అంతే. కోర్సు అయ్యే 90 రోజుల ముందు నుంచి, అయ్యాక 60 రోజుల లోపు అప్లై చేయాలి. ఆ ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉంటే వీసా స్టేటస్ పోతుంది. ఇప్పుడు క్యాలెండర్ ముందు పెట్టుకోండి. మేలో చదువు అయిపోతుంది, జులై ఆఖర్లో రెండు రోజులు బార్ పరీక్ష, ఫలితాలు అక్టోబర్ చివర్లో. పాసయ్యావని తెలిసేసరికే ఓపీటీలో మూడు నాలుగు నెలలు హరీ. మార్చిలో హెచ్-1బీ (ఉద్యోగ వీసా) లాటరీ ఒక్కసారే దొరుకుతుంది. రాకపోతే పెట్టె సర్దుకోవడమే.

ఆ 2 లక్షల 25 వేలు న్యూయార్క్ పెద్ద ఫర్ముల్లో మొదటేడు అసోసియేట్ (జూనియర్ లాయరు) స్కేలు. ఆ కుర్చీలు దాదాపు అన్నీ మూడేళ్ళ జేడీ (అక్కడి అసలు లా డిగ్రీ) చేసినవాళ్ళకే. ఎల్‌ఎల్‌ఎం వాళ్ళకి దొరికేవి వేళ్ళ మీద లెక్క. స్కూలు వెబ్‌సైట్‌లో కనబడే ప్లేస్‌మెంట్ శాతాలు చూసి మోసపోవద్దు. అమెరికన్ బార్ అసోసియేషన్ నిబంధన 509 కింద ఏటా ప్రకటించాల్సిన లెక్కలు జేడీవే. ర్యాంకులూ జేడీవే. ఎల్‌ఎల్‌ఎంకి అలాంటి నిర్బంధం లేదు. అందుకే రెండు స్కూళ్ళకీ ఇదే ప్రశ్న మెయిల్ పెట్టు: “పోయినేడాది ఎల్‌ఎల్‌ఎంలో ఇండియా నుంచి ఎంతమంది, ఓపీటీలో జీతమొచ్చే లీగల్ ఉద్యోగం ఎంతమందికి?” దానికి అంకెలతో జవాబిచ్చే స్కూలుకీ, “మా పూర్వ విద్యార్థులు ప్రపంచమంతా ఉన్నారు” అని రాసే స్కూలుకీ తేడా నీకే తెలుస్తుంది.

ఇక బార్ సంగతి. విదేశీ డిగ్రీవాళ్ళలో ఎవరు పరీక్ష రాయొచ్చో చెప్పే న్యూయార్క్ రూల్ 520.6 చదవండి. మనది కామన్ లా (ఇంగ్లాండు పద్ధతి న్యాయవ్యవస్థ) దేశం. మన లా డిగ్రీ కాలవ్యవధిలోనూ పాఠ్యాంశాల్లోనూ వాళ్ళ లెక్కకి సరిపోతే ఎల్‌ఎల్‌ఎం లేకుండానే పరీక్షకి కూర్చోవచ్చు. రెండింటిలో ఏదో ఒకటి తక్కువైతేనే ఆ లోటు పూడ్చడానికి 24 క్రెడిట్ల ఎల్‌ఎల్‌ఎం. కాలిఫోర్నియా అయితే మన దగ్గర ఎన్‌రోల్ అయిన అడ్వకేట్‌ని నేరుగా రానిస్తుంది. కాబట్టి అమ్మాయ్, “బార్ కోసం ఎల్‌ఎల్‌ఎం” అనుకుంటుంటే ముందు న్యూయార్క్ బార్ ఎగ్జామినర్ల బోర్డుకి ఎవాల్యుయేషన్ (నీ డిగ్రీ సరిపోతుందో లేదో వాళ్ళు తేల్చడం) పెట్టు. కోటి ఖర్చు అవసరమే లేదని తేలినా తేలొచ్చు.

మారతహళ్ళి మామ:
బార్ రాసేస్తే సరా, ఉద్యోగం ఎవడిస్తాడు? ఇంటర్వ్యూకి పిలిచేది స్కూలు పేరు చూసే కదా.

కోరమంగళ వకీలు:
అది ఒప్పుకుంటా. న్యూయార్క్‌లో ఏటా జనవరిలో విదేశీ ఎల్‌ఎల్‌ఎం వాళ్ళ కోసం ఇంటర్వ్యూ మేళా జరుగుతుంది. దానికి సభ్య స్కూళ్ళ పిల్లల్నే రానిస్తారు. మిడ్‌వెస్ట్ స్కూలు ఆ జాబితాలో ఉందో లేదో అడగాలి. ఉంటే పేరు తేడా సగం తగ్గినట్టే.

జయనగర్ అక్క:
మీ ఇద్దరి గొడవలో స్కాలర్‌షిప్ లెటర్ ఎవరూ చదవలేదు. తల్లీ, ఆ కాగితం తీసి నాలుగు మాటలు వెతుకు. ఒకటి, మాఫీ ట్యూషన్‌కేనా, స్టూడెంట్ ఫీజులూ హెల్త్ ఇన్సూరెన్సూ కలుపుకునా (సాధారణంగా ట్యూషన్‌కే). రెండు, రెండు సెమిస్టర్లకి చెరిసగమా. అలా ఉంటే మధ్యలో పార్ట్‌టైమ్‌కి మారినా, ఒక సెమిస్టర్ ఆపినా మిగతా సగం ఎగిరిపోతుంది. మూడు, మార్కుల షరతు. జేడీ స్కాలర్‌షిప్పుల్లో ఇదే పెద్ద ఉచ్చు. క్లాసులో గ్రేడ్లు కర్వ్ మీద, అంటే తోటివాళ్ళతో పోల్చి వేస్తారు కాబట్టి ఫలానా జీపీఏ నిలబెట్టుకోమంటే కొందరు పడిపోవడం ఖాయం. ఎల్‌ఎల్‌ఎంలో మామూలుగా “గుడ్ స్టాండింగ్” (ఫెయిలవకుండా ఉంటే చాలు) అని రాసి వదిలేస్తారు, అయినా చూసుకో. నాలుగు, వేరే స్కాలర్‌షిప్ వస్తే దీన్ని తగ్గిస్తారా.

తర్వాత బేరం. అమెరికా స్కూళ్ళలో ఇది తప్పు కాదు, సిగ్గుపడక్కర్లేదు. అయితే అందరూ తిరగేసి చేస్తారు. చిన్న స్కూలు స్కాలర్‌షిప్ చూపించి పెద్ద స్కూల్ని తగ్గించమంటారు. నలభైల్లో ఉన్న స్కూలిచ్చిన డబ్బుకి పైవాళ్ళు కదలరు. హార్వర్డ్ లాంటివైతే అసలు ప్రతిభ స్కాలర్‌షిప్పే ఇవ్వవు, ఇంటి ఆదాయం చూసి ఇస్తాయి. నువ్వు చేయాల్సింది న్యూయార్క్ సీటు లెటర్ పీడీఎఫ్ మిడ్‌వెస్ట్ వాళ్ళకి పంపడం. ఒకే మెయిల్, పది లైన్లు. మీ స్కూలే ఎందుకు కావాలో రెండు లైన్లు, ఫలానా ప్రొఫెసర్, ఫలానా లీగల్ క్లినిక్ అని పేర్లతో. ఇంకో చోట సీటుందని ఒక లైను. 30 వేలని 45 వేలు చేయగలరా అని అంకెతో ఒక లైను. ఏ తేదీలోపు చెప్పాలో ఒక లైను. ఇంటి కష్టాలు రాయకు. డిపాజిట్ కట్టాక రాసే మెయిల్‌కి విలువ లేదు, ఆ డబ్బు వెనక్కి రాదని వాళ్ళకీ తెలుసు.

ఇప్పుడు లెక్క. న్యూయార్క్‌లో 78 వేలకి ఇల్లు, తిండి, ఇన్సూరెన్స్ ఇంకో 35 వేలు కలిపితే 1,13,000. మిడ్‌వెస్ట్‌లో మిగిలిన ట్యూషన్ 30 వేలు, ఖర్చులు 26 వేలు, మొత్తం 56,000. తేడా 57 వేల డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే 51 లక్షల పైచిలుకు. ఈ తేడా ఒక్కదానికే పది శాతం వడ్డీతో పదేళ్ళకి నెలవారీ కిస్తీ 67 వేల రూపాయలు. చదివేటప్పుడు పేరుకునే వడ్డీ కలపకుండానే. వెనక్కొచ్చి సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరితే? 2024 అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సిఫార్సు చేసిన స్టైపెండ్ నగరాల్లో నెలకి 20 వేలు. అదీ సిఫార్సే.

యలహంక బ్యాంకు పెద్దాయన:
పొలం గురించి ఎవరూ మాట్లాడరేం? పాప నాన్నగారికి ముందు ఇది చెప్పండి. ఎడ్యుకేషన్ లోన్‌కి బ్యాంకులు వ్యవసాయ భూమిని పూచీగా తీసుకోవు. కారణం, బాకీ పడితే కోర్టుకెళ్ళకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం సెక్షన్ 31 ప్రకారం సాగుభూమికి వర్తించదు. ఎకరా కోటి పలికినా మేనేజరు తలూపడు. అప్రూవ్డ్ ప్లాన్ ఉన్న ఇల్లో, ఫ్లాటో, వ్యవసాయేతరంగా మార్పించిన స్థలమో కావాలి. దానికి లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద పాత లావాదేవీలు చూపే పత్రం), ఇంటి పన్ను రసీదు, ప్యానెల్ లాయర్ ఒపీనియన్, వాల్యుయేషన్. ఇవన్నీ కుదిరేసరికి నాలుగైదు వారాలు సులువుగా పడతాయి. తాతగారి పేరు మీదే ఉండి భాగాలు పంచుకోని ఆస్తయితే వారసులందరి సంతకాలు కావాలి, అక్కడే పెళ్ళిళ్ళనాటి అలకలన్నీ బయటికొస్తాయి. పూచీ లేకుండా ఇచ్చే ప్రైవేటు సంస్థలున్నాయి, వడ్డీ ఎక్కువ. స్కూలు వాళ్ళ జాబితాలో ఉందా లేదా చూసి ఇస్తారు. అక్కడ మాత్రం మారతహళ్ళి వారన్నట్టు పేరు పనికొస్తుంది.

ఇంకొకటి. బ్యాంకు లోన్‌తో పంపే ఫీజుకి టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను) పట్టరు. సొంత డబ్బు పంపితే ఏడాదికి 10 లక్షలు దాటినదాని మీద పడుతుంది. రిటర్న్‌లో తిరిగొస్తుంది గానీ అప్పటిదాకా చేతిలో ఉండదు.

కెంగేరి అత్త:
అందరూ డబ్బు మాట్లాడుతున్నారు, నేను కవరు గురించి చెప్తా. మా వైపు ఒకమ్మాయికి జరిగింది. పేరొద్దు, యూనివర్సిటీ పేరూ వద్దు.

ఆ పిల్ల పేరున్న స్కూల్లో చేరింది, బార్ బోర్డు ఎవాల్యుయేషన్‌కి మార్కుల పత్రాలు పంపాలి. అవి యూనివర్సిటీ నుంచి నేరుగా, సీలు చేసిన కవర్లో బోర్డుకి చేరాలి. ఈ పిల్ల తమ్ముణ్ణి పంపితే సెక్షన్‌లో క్లర్కు, “విదేశాలకి మేం పోస్టు చెయ్యం, మీరే పంపుకోండి” అని కవరు చేతికిచ్చాడు. సీలు అంటే అతని లెక్కలో ఫెవికాల్. మూత మీద రిజిస్ట్రార్ ముద్రా లేదు, సంతకమూ లేదు. తమ్ముడు అన్నీ ఉన్నాయో లేవో చూద్దామని విప్పి, మళ్ళీ అంటించి కొరియర్ చేశాడు. రెండు నెలల తర్వాత బోర్డు జవాబు: అభ్యర్థి తరఫున వచ్చిన పత్రాలు అంగీకరించం. పైగా అందులో ఉన్నది ప్రొవిజనల్ సర్టిఫికెట్. డిగ్రీ ప్రదానమైనట్టు రుజువు కావాలి. మళ్ళీ వెళ్తే అసలు గుమస్తా సెలవు, తర్వాత పరీక్షల సీజన్, తర్వాత కాన్వొకేషన్ వాయిదా. మొత్తానికి జులై పరీక్ష తప్పిపోయి ఫిబ్రవరిలో రాసింది. ఫలితం వచ్చేసరికి ఓపీటీ ఇంకో రెండు నెలలే మిగిలింది. ఉద్యోగమిస్తామన్న చిన్న ఫర్ము చేతులెత్తేసింది. అంత పేరున్న స్కూలూ ఆ కవరు దగ్గర ఏం చేయలేకపోయింది.

అందుకని ఇప్పుడే, ఏ స్కూలో తేల్చుకోక ముందే: ట్రాన్‌స్క్రిప్టు (ఆ మార్కుల పత్రాలే) మూడు సెట్లకి డబ్బు కట్టు. కవరు మూత మీద అడ్డంగా సంతకం, ముద్ర, ముద్ర సగం మూత మీద సగం కవరు మీద పడేలా. పైన “నుంచి” అన్నచోట యూనివర్సిటీ చిరునామా. కొరియర్ వాణ్ణి సెక్షన్‌కే పిలిపించి పికప్ అక్కడి నుంచే చేయించు. ట్రాకింగ్ రసీదులో పంపినవారి పేరు నీది కాకూడదు. ఎవాల్యుయేషన్ ఏడాది ముందు మొదలుపెట్టాలన్నది గుర్తుంచుకో.

వైట్‌ఫీల్డ్ అన్న:
ఎవరూ అడగని మాట: ఇప్పుడే ఎందుకు వెళ్ళాలి? ఏడు నెలల అనుభవంతో వెళ్తే అక్కడి ఫర్ము నీ దగ్గర కొనేదేముంటుంది? మూడేళ్ళు పనిచేస్తే అమెరికా చదువుకిచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ స్కాలర్‌షిప్‌కి అర్హత వస్తుంది, అందులో అంతర్జాతీయ న్యాయశాస్త్రం ఒక విభాగం. ఇన్‌లాక్స్ స్కాలర్‌షిప్ ఉంది, జేఎన్ టాటా లోన్ స్కాలర్‌షిప్ ఉంది. ఎస్సీ విద్యార్థులకి కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ వేరే.

కోరమంగళ వకీలు:
అన్నా, ఫుల్‌బ్రైట్ చెప్పి సగంలో ఆపేశావు. అది జే-1 (మార్పిడి కార్యక్రమాల) వీసా. చదివాక రెండేళ్ళు ఇండియాలో ఉండాలి, అది తీరేదాకా హెచ్-1బీ రాదు. అక్కడే ఉండిపోదామనుకునేవాళ్ళకి అది కాలికి గొలుసు.

వైట్‌ఫీల్డ్ అన్న:
వెనక్కి రావాలనుకునేవాళ్ళకి బంగారం. ఇక్కడి ఫర్ములు చూసేది ఐదేళ్ళ లా ఎక్కడ చదివావన్నదే, ఎల్‌ఎల్‌ఎం దాని మీద తాలింపు. ఆ తాలింపుకి కూడా సబ్జెక్టు ముఖ్యం. ట్యాక్స్ అంటే ఎన్‌వైయూ (న్యూయార్క్ యూనివర్సిటీ) పేరు ఎక్కడైనా చెల్లుతుంది. అదే పేటెంట్లయితే న్యూ హ్యాంప్‌షైర్‌లో ఫ్రాంక్లిన్ పియర్స్ లాంటి చోటుకి ఆ రంగంలో ఉన్న విలువ మొత్తం ర్యాంకులో కనబడదు. బెంగళూరులో పేటెంటు పనికి కొదవా? అమ్మాయి ఏ సబ్జెక్టో మీరెవరైనా అడిగారా?

మారతహళ్ళి మామ:
అడగలేదు. నువ్వూ ఇప్పుడే అడిగావు.

బీటీఎం కొత్తమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్ అండీ. సబ్జెక్టు ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి దగ్గర వివాదం తేల్చుకోవడం). నాన్నకి సర్ఫేసీ సంగతి చెప్పాను, ఊళ్ళో ఇల్లు తాతగారి పేరు మీదే ఉందట, నలుగురు వారసులు. మిడ్‌వెస్ట్ వాళ్ళకి జయనగర్ అక్క చెప్పినట్టే మెయిల్ పెట్టాను, 45 వేలు అడిగాను. జనవరి మేళా గురించీ అందులోనే అడిగాను. అత్తా, నా దగ్గరా ప్రొవిజనలే ఉంది, కాన్వొకేషన్ ఇంకా కాలేదు. ఏం చేయను?

కెంగేరి అత్త:
కాన్వొకేషన్‌కి రాలేనని “ఇన్ అబ్సెన్షియా” ఫారం పెట్టు, ఫీజు కట్టు. సోమవారం పొద్దున్నే యూనివర్సిటీకి వెళ్ళు, మధ్యాహ్నం అయితే చలానా తీసుకోరు. క్లర్కు కవరు చేతికిస్తే మాత్రం తీసుకోకు.