బ్రిటిష్ రియల్ ఏల్: మొదటి పైంటు నిరాశపరిచింది, ఏది ఎక్కడ తాగాలో చెప్పగలరా?

పినాకిని (రెడింగ్) అడిగిన ప్రశ్న:

నేను ఉద్యోగరీత్యా రెడింగ్‌కు వచ్చి ఎనిమిది నెలలైంది. హైదరాబాదులో ఉన్నన్నాళ్లూ నాకు బీరు అంటే గ్లాసు బయట చెమర్చేంతగా చల్లబరిచిన లాగరే. ఇక్కడ మా ఆఫీసులోని పెద్దవారు ఇద్దరు ముగ్గురు శుక్రవారం సాయంత్రం పబ్బుకు వెళ్లినప్పుడు, కౌంటరు మీద నిలువుగా ఉండే పొడవాటి పంపు పిడిని లాగి పోసే ఏల్ అనే రాగిరంగు బీరునే అడుగుతారు. ఒక్క పైంటును (అర లీటరు కన్నా కాస్త ఎక్కువ) గంటసేపు తాగుతూ దాని గురించే మాట్లాడుకుంటారు. ఆ ఇష్టమేమిటో నాకూ తెలుసుకోవాలనిపించింది. కిందటి నెల ఒక ఆదివారం రాత్రి మా ఇంటి దగ్గరి పబ్బులో బిట్టర్ అనే చేదు రకం ఏల్ ఒకటి తెప్పించుకున్నాను. అది గోరువెచ్చగా ఉంది, కలకబారి ఉంది, ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే వెనిగర్ వాసన వచ్చింది. ఇది ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుని, రెండు గుక్కలు తాగి, ఎవరితోనూ ఏమీ అనకుండా వదిలేసి వచ్చాను.

రియల్ ఏల్ నిజంగా ఇలాగే ఉంటుందా? కాకపోతే కొత్తవాడు ఏ ఏల్‌తో, ఎలాంటి పబ్బులో మొదలుపెట్టడం మంచిది? పని మీద లీడ్స్‌కూ బర్మింగ్‌హామ్‌కూ తరచుగా వెళ్తుంటాను కనుక ఆ వైపు సంగతులు చెప్పినా ఉపయోగపడతాయి. ఇంకొక్క మాట: నా భార్య శాకాహారి. ఏల్‌లో చేపకు సంబంధించినదేదో కలుపుతారని విని, తను రుచి చూడడానికి కూడా ఇష్టపడడం లేదు. అది నిజమేనా?

కొండపల్లి (కీత్లీ దగ్గర, యార్క్‌షైర్) సమాధానం:

పినాకిని గారూ, మీకు ఆ రోజు పోసింది చెడిపోయిన ఏల్. ఏల్ ఎప్పుడూ అలా ఉండదు, ఉండకూడదు. వెనిగర్ వాసన వచ్చిన గ్లాసును నిస్సంకోచంగా వెనక్కి తీసుకువెళ్లి చూపించవచ్చు. మంచి పబ్బులో మారు మాట లేకుండా తీసుకుని వేరేది పోసి ఇస్తారు. మనవాళ్లు మొహమాటంతో ఆ పని చేయరు, అందుకే ఒక్క పైంటుతోనే చాలామంది దూరమైపోతారు.

అది ఎందుకు చెడిపోతుందో తెలిస్తే ఎక్కడ తాగాలో కూడా తెలుస్తుంది. రియల్ ఏల్ అంటే వడగట్టకుండా, పాశ్చరైజ్ చేయకుండా, ఈస్ట్ బతికి ఉండగానే పీపాలోకి ఎక్కించి, ఆ పీపాలోనే రెండోసారి పులియనిచ్చి, బయటి గ్యాసు ఏదీ ఎక్కించకుండా అదే పీపా నుంచి గ్లాసులోకి తోడే బీరు. మన తాటికల్లు తెల్లవారుజామున చెట్టు దించినప్పుడు ఒక రుచి, మధ్యాహ్నానికి మరో రుచి, సాయంత్రానికి పులుపు తేలినట్లే, ఇదీ రోజు రోజుకూ మారే పానీయం. 1960లలో పెద్ద కంపెనీలు వడగట్టి గ్యాసు నింపిన కెగ్ బీరును దేశమంతటా దించడంతో ఈ పద్ధతి కనుమరుగయ్యే పరిస్థితి వచ్చింది. దాన్ని కాపాడడానికే 1971లో నలుగురు స్నేహితులు కలిసి కామ్రా అనే వినియోగదారుల సంఘాన్ని మొదలుపెట్టారు. ఏటా వారు వెలువరించే గుడ్ బీర్ గైడ్‌లోని పబ్బులను ఆ ప్రాంతపు సభ్యులే ఎంచుతారు. కొత్త ఊరికి వెళ్లినప్పుడు నేను మొదట చూసేది ఆ పుస్తకమే.

లీడ్స్‌కు వస్తే కీత్లీకి రైల్లో అరగంట కూడా పట్టదు. ఇక్కడి టిమొథీ టేలర్ బ్రూవరీ వారి ల్యాండ్‌లార్డ్‌ను నేను పదిహేడేళ్లుగా తాగుతున్నాను. ఎవరు అడిగినా మొదట దాని పేరే చెబుతాను. ఆల్కహాలు 4.3 శాతం. బ్రిటన్‌లో ఉత్తమమైన బీరుగా కామ్రా దాన్ని నాలుగు సార్లు ఎన్నుకుంది, మరే బీరుకూ అన్నిసార్లు ఆ గౌరవం దక్కలేదు. 1858లో మొదలైన ఆ బ్రూవరీ ఇప్పటికీ తన ఆవరణలోని నోల్ స్ప్రింగ్ అనే ఊట నీటినే వాడుతుంది. మొదటి గుక్కలో నారింజ తొక్కను గోటితో గిల్లినప్పటి వాసన, ఆ వెనుక బిస్కెట్టు లాంటి మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపి, మింగాక నాలుక మీద చాలాసేపు నిలిచే చేదు, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అయితే పీపాలో అది బాగా పొంగే రకం. తేటపడడానికి రోజులు పడుతుంది, తొందరపడి తీస్తే మొరటుగా ఉంటుంది. కనుక ల్యాండ్‌లార్డ్ ఎక్కువగా అమ్ముడయ్యే పబ్బులోనే దాన్ని తాగండి.

మా యార్క్‌షైర్‌లో పంపు మూతికి స్పార్క్‌లర్ అనే చిన్న చిల్లుల బిళ్ల బిగిస్తారు. దానివల్ల నురగ మీగడలా చిక్కగా నిలుస్తుంది, చేదు కాస్త మెత్తబడుతుంది. నాకు అది లేని పైంటు అసంపూర్ణంగానే అనిపిస్తుంది.

ఓరుగల్లు (బర్మింగ్‌హామ్) సమాధానం:

నేను ఇక్కడ ఎం.ఎస్. చదివే రోజుల్లో ఏడాదిన్నర పాటు ఒక పబ్బు సెల్లార్‌లో పని చేశాను కనుక చేప సంగతి నేను చెప్పగలను. అది నిజమే. దాన్ని ఐసింగ్లాస్ అంటారు. కొన్ని రకాల చేపల ఈత తిత్తి నుంచి తీసే పదార్థం అది. పీపాలో తేలుతున్న ఈస్ట్ రేణువులను పట్టి అడుగుకు దింపడానికి దాన్ని వాడతారు. గ్లాసులోకి అది దాదాపు రాదని బ్రూవరీల వారు అంటారు, కానీ నిష్ఠగా ఉండే శాకాహారికి ఆ సమాధానం సరిపోదని నాకు తెలుసు. మా అమ్మగారు కూడా ఒప్పుకోరు. ఇప్పుడు చాలా బ్రూవరీలు ఐసింగ్లాస్ లేకుండానే ఏల్ చేస్తున్నాయి. బ్రిస్టల్‌లోని మూర్ బ్రూవరీ ఈ దారిలో ముందుగా నడిచిన వాటిలో ఒకటి. అలాంటి వాటి పంప్ క్లిప్ (పంపు మీద ఏల్ పేరు చూపే బిళ్ల) మీద ‘అన్‌ఫైన్డ్’ (అంటే అలా తేటపరచనిది) అనో ‘వీగన్’ అనో రాసి ఉంటుంది. కాస్త మసకగా కనిపించినా అది చెడిపోయినట్లు కాదు. అనుమానం ఉంటే కౌంటరు దగ్గర అడగమని మీ ఇంట్లో చెప్పండి, ఆ ప్రశ్నకు ఎవరూ వింతగా చూడరు.

సెల్లార్‌లో జరిగే పని చూస్తే మీ ఆదివారపు పైంటు కథ కూడా అర్థమవుతుంది. మేము ఎక్కువగా తెప్పించినవి ఫర్కిన్ పీపాలు, అంటే తొమ్మిది గ్యాలన్లు, 72 పైంట్లు. పీపాను అడ్డంగా పడుకోబెట్టి, కదలకుండా చీలలు పెట్టి, పైనున్న రంధ్రంలోకి స్పైల్ అనే మెత్తని కర్రముక్కను సుత్తితో దిగగొట్టేవాణ్ని. కొట్టిన మరుక్షణం ఆ కర్ర చుట్టూ తెల్లటి నురగ బుసబుసమని పొంగి పీపా మీదుగా కారేది. గంటకోసారి తుడుస్తూ, ఆ పొంగు తగ్గి, తుడిచిన నురగ మళ్లీ నెమ్మదిగా తప్ప రానప్పుడు, మెత్తని కర్ర తీసి గట్టి కర్ర బిగించాలి. ఆపైన ఒకటి రెండు రోజులు పీపాను ముట్టుకోకుండా వదిలేస్తే మడ్డి అంతా పొట్ట అడుగుకు చేరి ఏల్ తేటపడుతుంది. సెల్లార్ 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకన్నా వెచ్చనైతే ఏల్ త్వరగా పాడవుతుంది, మరీ చల్లనైతే రుచి ముడుచుకుపోతుంది. ఒక్కసారి అమ్మకం మొదలైతే, తోడిన ప్రతి పైంటుకూ అంత గాలి పీపాలోకి వెళ్తుంది, కనుక మూడు రోజుల్లో పీపా ఖాళీ కావాలి. మీరు వెళ్లింది ఆదివారం రాత్రి అన్నారు. జనం పెద్దగా ఏల్ తాగని పబ్బులో, గురువారం తెరిచిన పీపా అడుగున మిగిలింది మీకు పోసి ఉంటారు. నాలుగు పంపులు ఉండి జనం లేని పబ్బు కన్నా, రెండే పంపులు ఉండి అందరి చేతుల్లో ఏల్ కనిపించే పబ్బు మేలని నేను అనుభవంతో చెబుతున్నాను.

బర్మింగ్‌హామ్‌కు వచ్చినప్పుడు పడమర వైపున్న బ్లాక్ కంట్రీ అనే ప్రాంతానికి వెళ్లండి. బ్రయర్లీ హిల్‌లోని బేథమ్స్ వారి బెస్ట్ బిట్టర్ తేలికైన తీపితో మొదలై చేదుతో ముగుస్తుంది. కొత్తవారికి అది ఎంతో అనువైనది. సెడ్జ్‌లీలోని బీకన్ హోటల్ అనే పబ్బు మాత్రం తప్పకుండా చూడవలసినది. గదుల నడుమ చిన్న అర లాంటి చోటు ఉంటుంది. అందులోంచి కిటికీ గుండా గ్లాసు అందిస్తారు, ఆ వెనుకనే బ్రూవరీ. అక్కడి సారా హ్యూస్ డార్క్ రూబీ మైల్డ్ 6 శాతం ఉంటుంది. మైల్డ్ అనే చేదు తక్కువ రకం ఏల్ సాధారణంగా మూడు, మూడున్నర శాతమే కనుక పేరు చూసి మోసపోకండి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే దానిమ్మ గింజ రంగు కనిపిస్తుంది. ఎండు ద్రాక్ష, నల్లబెల్లం కలిసిన రుచి అది. అరపైంటుతో ఆపండి.

ఆ పక్కనే స్మెథిక్, వెస్ట్ బ్రామిచ్‌లలో పంజాబీ కుటుంబాలు నడిపే దేశీ పబ్బులు ఉన్నాయి. నిప్పుల మీద కాల్చిన మిక్స్‌డ్ గ్రిల్‌తో పాటు చేదు ఏల్ తాగడం నాకు అలవాటైంది అక్కడే. మసాలా కారానికి ఆ చేదు బాగా జత కుదురుతుంది.

శ్రీకాకుళం చిన్నోడు (లండన్) సమాధానం:

కొండపల్లి అన్నగారి మీద గౌరవం ఉంచుకునే ఒక మాట అంటాను. లాగర్ అలవాటున్నవారు ముందు గోల్డెన్ ఏల్‌తో మొదలుపెట్టడం మేలు. 1986లో సోమర్సెట్‌లో పుట్టిన ఎక్స్‌మూర్ గోల్డ్, సాల్స్‌బరీ వారి హాప్ బ్యాక్ సమ్మర్ లైట్నింగ్ వంటివి లేత బంగారు రంగుతో, తీపి తక్కువైన పొడి రుచితో ఉంటాయి. కంటికీ నాలుకకూ కొత్తదనం ఒక్కసారిగా మీద పడదు. స్పార్క్‌లర్ సంగతికి వస్తే, మా దక్షిణాదిలో అది లేకుండానే పోస్తారు. నురగ పలుచగా ఉన్నా హాప్స్ (బీరుకు చేదునూ పరిమళాన్నీ ఇచ్చే పూలు) వాసన సూటిగా ముక్కుకు తగులుతుంది.

రెడింగ్ నుంచి మీకు దగ్గరలో నేను మనస్ఫూర్తిగా చెప్పగలిగింది హార్వీస్ సస్సెక్స్ బెస్ట్. 4 శాతం, ముదురు రాగి రంగు. లూయిస్ అనే ఊళ్లో ఊజ్ నది ఒడ్డున వారి బ్రూవరీ ఉంది. 1957లో యార్క్‌షైర్ నుంచి తెచ్చిన ఈస్ట్‌నే, నిన్నటి పెరుగుతో నేటి పాలు తోడుపెట్టుకున్నట్లు, ఒక కాపు నుంచి తీసి మరో కాపులో వేస్తూ ఇన్నేళ్లుగా నిలుపుకుంటూ వచ్చారు. దాని రుచిలో మట్టి వాసన లాంటిదీ, ఎండుగడ్డి లాంటిదీ ఏదో ఉంటుంది. మరే ఏల్‌లోనూ నాకు అది దొరకలేదు. ఆ ఊరి వారికి దాని మీద ఎంత మమకారమంటే, 2006 డిసెంబరులో లూయిస్ ఆర్మ్స్ పబ్బులో యాజమాన్యం హార్వీస్‌ను తీసివేస్తే, రోజూ వచ్చేవారు గుమ్మం బయటే నిలబడి, వచ్చేవారికి నచ్చజెప్పి వెనక్కి పంపారు. 133 రోజుల తర్వాత హార్వీస్ మళ్లీ ఆ పంపు దగ్గరికి వచ్చింది. లండన్‌లో బరో స్టేషను దగ్గర టాబర్డ్ వీధిలోని రాయల్ ఓక్, హార్వీస్ వారి సొంత పబ్బు, అక్కడికి వెళ్లండి.

మరొక సంగతి, పైంటులో మూడో వంతు కొలత కూడా చట్టబద్ధమే. ఆ గ్లాసులు ఉన్న చోట మూడు రకాలు తీసుకుంటే మొత్తం ఒక్క పైంటే అవుతుంది. ఆ గ్లాసులు లేకపోయినా, కొనే ముందు ఒక గుక్క రుచి చూపించమని అడగడం ఇక్కడ మామూలే.

కొండపల్లి:

తమ్ముడూ, గోల్డెన్ ఏల్‌తో మొదలుపెడితే చాలామంది అక్కడే ఆగిపోవడం నేను చూశాను. నా మాట బిట్టర్‌కే. హార్వీస్ విషయంలో మాత్రం మీతో పూర్తిగా ఏకీభవిస్తాను.

పినాకిని:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న శనివారం మేమిద్దరం రాయల్ ఓక్‌కు వెళ్లి వచ్చాం. మొదట ఒక గుక్క రుచి అడిగాను. అడగగానే చిన్న గ్లాసులో పోసి ఇచ్చారు. చల్లగానే ఉంది, గ్లాసుకు అవతల నా వేళ్లు కనిపించేంత తేటగా ఉంది. మొదటి పావు గ్లాసు వరకూ చేదు తప్ప ఏమీ తెలియలేదు. ఆ తర్వాత మీరు చెప్పిన ఎండుగడ్డి వాసన దొరికింది. ఒక్క పైంటుకు నాకు యాభై నిమిషాలు పట్టింది. నా భార్య ఐసింగ్లాస్ గురించి అడిగింది. వాడతారని వారు దాచకుండా చెప్పడంతో తను నిమ్మరసం తీసుకుంది. అన్‌ఫైన్డ్ ఏల్ దొరికే చోటు వెతకవలసి ఉంది. వచ్చే పదిహేను రోజుల్లో లీడ్స్ ప్రయాణం ఉంది. కొండపల్లి గారూ, కీత్లీలో ఏ రోజు వెళ్తే మంచిది?

కొండపల్లి:

శుక్రవారం సాయంత్రం రండి. పీపాలు అప్పటికి తేటపడి ఉంటాయి, జనమూ ఉంటారు. స్టేషనుకు నేనే వస్తాను.